‘టేక్’తో తంటా

ఇంగ్లిష్ నుంచి జపనీస్‌లోకి అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి, ‘‘అన్నా, టేక్‌ని జపనీస్‌లో ఏమంటారు?’’ అన్నాడు.

‘‘ఏం తీసుకుంటున్నావో ముందు అది చెప్పు తమ్ముడూ’’ అన్నాను.

ట్యాక్సీ అయితే ‘నొరు’, ఎక్కడం. పరీక్షయితే ‘ఉకెరు’. మనం పరీక్ష రాస్తాం, వాళ్ళు అది మీదికొస్తుంటే నిలబడి అందుకుంటారు. షవరయితే ‘అబిరు’, ఒంటిమీద కుమ్మరించుకోవడం. తొట్టి స్నానానికి మాత్రం ‘హైరు’, లోపలికి దిగడం. అదీ న్యాయమే. తొట్టి బయటే సబ్బుతో రుద్దుకుని, శుభ్రంగా కడుక్కున్నాకే ఆ వేడినీళ్ళలో దిగుతారు. ఇంట్లో అందరికీ అవే నీళ్ళు మరి!

మాత్రయితే ‘నొము’, తాగడం. సాకే సారాయికీ అదే మాట. ఇక్కడ మన తెలుగే మేలు: మాత్ర వేసుకుంటాం, మందు కొడతాం. డాక్టరుగారు వేసుకోమన్న మందు మానేసి, మానేయమన్న మందు కొట్టేవాళ్ళ సంగతి వేరు.

గొడుగును వెంట తీసుకెళ్తే ‘మొత్తె ఇకు’. మనిషినయితే ‘త్సురెతె ఇకు’. ఈ రెండూ కలగాపులగం చేసి అత్తగారిని ‘మొత్తె ఇకు’ అన్నారో, జపాన్‌వాళ్ళకి ఆవిడ సామాన్ల లెక్కలోకి పోతుంది. తెలుగువాళ్ళ చెవిన పడితే ఇంకా ప్రమాదం.

‘‘డిక్షనరీలో ‘తొరు’ అని ఉందిగా అన్నా?’’ అన్నాడు వాడు.

ఉంది. ఫోటో తీయడమూ ‘తొరు’నే. అక్కడికి హాయే. కాకపోతే చెవికి ఒకటే, కలానికి కాదు. ఫోటో తీయడానికొక అక్షరం, చేపని పట్టడానికొకటి, ఉద్యోగంలోకి మనిషిని తీసుకోవడానికి వేరొకటి, దొంగిలించడానికి మరొకటి. కంప్యూటర్లో ‘తొరు’ కొట్టి, వచ్చిన అక్షరం చూసుకోకుండా ఎంటర్ నొక్కితే, ‘ఫోటో తీయండి’ కాస్తా ‘ఫోటో ఎత్తుకుపోండి’ అయి కూర్చుంటుంది. అన్నట్టు, వయసునీ వాళ్ళు ‘తొరు’ చేస్తారు, తామే చెయ్యి చాచి తీసుకుంటున్నట్టు. మనకేమో అది వచ్చి మీద పడుతుంది. ఈ ఒక్క విషయంలో తెలుగుదే నిజమని నా మోకాళ్ళు సాక్ష్యం చెబుతాయి.

ఇంగ్లిష్‌ని ఆడిపోసుకోవడం కూడా ఎందుకులెండి. రెస్టు తీసుకో, కేర్ తీసుకో, సెల్ఫీ తీసుకో అంటూ మనమూ ఆ జబ్బు అంటించుకున్నాం. మొన్న టోక్యో క్లయింటు చిన్న పొరపాటు మీద పెద్ద మెయిల్ పంపాడు. మా మేనేజరు అది చదివి, ‘‘లైట్ తీసుకోమని చెప్పవయ్యా వాళ్ళకి’’ అన్నాడు.

దానికి జపనీస్ లేకపోలేదు. ‘కి ని షినైదె కుదసై’ అంటే అర్థం అతికినట్టు సరిపోతుంది. కానీ డబ్బులిచ్చేవాడితో ఆ మాట అంటామా? ‘మోషివకె గొజైమసెన్’ అని మొదలుపెట్టి మెయిల్ పంపాను. చెప్పుకోవడానికి సాకు కూడా లేదండీ అని దానర్థం.

మేనేజరు నా స్క్రీన్‌లోకి తొంగిచూసి, ‘‘ఇంత పొడుగుందేంటి? నేనన్నదే రాశావా?’’ అన్నాడు.

‘‘అక్షరం పొల్లుపోలేదు సార్.’’