బియ్యం డబ్బాలో హార్డ్ డిస్క్

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు విజయవాడలోని మా సింగ్‌నగర్ ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చి, వచ్చిన చుట్టంలాగే ఎంతకీ కదల్లేదు. టీవీ, ఫ్రిజ్, పరుపులు పోయాయి. ఎన్యుమరేషన్ వాళ్లొచ్చి రాసుకున్నారు. గ్రౌండ్ ఫ్లోర్‌కి పరిహారం 25 వేలన్నారు. నా పీసీలో మునిగిన హార్డ్ డిస్క్‌కి మాత్రం ఆ ఫారంలో గడి కనపడలేదు.

అప్పటికింకా డిస్క్ చావలేదని తర్వాత తెలిసింది. చంపింది మా వైద్యం. బావమరిది హెయిర్ డ్రయ్యర్ పట్టుకొచ్చాడు. పక్కింటి పిన్నిగారు బియ్యంలో పెట్టమన్నారు, వాళ్ల అల్లుడి ఫోను అలాగే బాగుపడిందట. వీధంతా బియ్యం తడిసి వాసనొస్తుంటే పొడి బియ్యం ఎక్కడివి? పై వాటా వాళ్లు రెండు గ్లాసులిచ్చారు. ఆ పూట మేం పులిహోర పొట్లాలు తిని, బియ్యం డిస్క్‌కి పెట్టాం. మూడో రోజు మావాడు "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం నాన్నా" అన్నాడు. చూశాం. కర్‌ర్‌మంది.

గవర్నర్‌పేటలో రికవరీ కుర్రాడు భూతద్దం పెట్టి చూసి, "ఎండబెట్టింది ఎవరండీ?" అన్నాడు, శవపంచనామాకొచ్చిన ఎస్సైలా. తడి ఆరకుండా కవర్లో చుట్టి తేవాలట. బురద ఎండితే లోపల పళ్లేలకి అంటుకుపోతుంది. తిరిగే పళ్లేనికీ, మీద చదివే హెడ్‌కీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. తల వెంట్రుక మందం వేలల్లో ఉంటుంది. ఆ సందులో మేం బుడమేరు ఒండ్రు పోసి కరెంటిచ్చాం.

"సీల్ చేసిన డబ్బా కదా, నీళ్లెలా వెళ్లాయి?" అన్నాను. స్క్రూడ్రైవర్ మొనతో నువ్వుగింజంత కన్నం చూపించాడు. గాలి ఆడ్డానికట. 'ఈ కన్నం మూయొద్దు' అని పక్కనే అచ్చేసి ఉంది. బుడమేరు కట్టకి మూడు గండ్లు పడితే పూడ్చడానికి మిలటరీ దిగింది. దీనికి గండి కంపెనీయే కొట్టి, పూడ్చొద్దని రాసి మరీ పంపింది!

నేనూ నాలుగు ముక్కలు చదివినవాణ్ణే. "2003లో కొలంబియా స్పేస్ షటిల్ ఆకాశంలో ముక్కలైతే, అందులోని డిస్క్ నెలల తరబడి ఎండిన చెరువులో పడి ఉందయ్యా. అయినా 99 శాతం డేటా తీశారు. సింగ్‌నగర్‌లో మునిగింది బతకదా?"

"దాన్నెవరూ బియ్యంలో పెట్టలేదు సార్."

క్లీన్ రూమ్‌కి పంపాలి, విప్పడానికి ఇంత, హెడ్లు మార్చడానికింత అని కాగితం మీద వేసిచ్చాడు. వచ్చే పరిహారం సరిగ్గా సరిపోయేలా ఉంది. రేటు చెప్పాక, నా మొహం చూసి జాలేసిందో ఏమో, "పోనీ, బ్యాకప్ లేదా సార్?" అన్నాడు.

ఎందుకుండదు? సంచిలోంచి రెండోది తీసి బల్ల మీద పెట్టాను. ఇది కూడా బురదే. పీసీ పక్కనే, అదే కింది అరలో, జాగ్రత్తగా దాచాను మరి. దీని మూలల్లోంచి మూడు బియ్యపు గింజలు రాలాయి.