నేలబారు స్పోర్ట్స్ కారు

వరస కుదిరినా కుదరకపోయినా వీధి మొత్తానికీ ఆయన బావే. నరసరావుపేటలో ఏ పేటకు వెళ్లినా ఇలాంటి బావ ఒకడు తగులుతాడు. వయసు ముప్పై అయిదుకు అటూ ఇటూ. ఎరువుల కొట్టో, మిర్చి కమీషనో, పిడుగురాళ్ల సున్నం బట్టీలో చిన్న వాటానో ఉంటుంది. కారు సెకండ్‌హ్యాండ్ స్విఫ్టు. అత్తగారి లెక్కలో అది అల్లుడి కారు, ఫైనాన్స్ వాళ్ల లెక్కలో ఇంకా వాళ్ల కారు, బావ నోట మాత్రం ‘మన స్పోర్ట్స్ కారు’. ఎవరైనా నవ్వితే నొచ్చుకోడు, బానెట్ ఎత్తి చూపిస్తాడు. చూపించడానికి అక్కడ కొత్తగా ఏమీ లేదు. అయినా చూపిస్తాడు.

ఒకనాటి రాత్రి బావ ఫోన్లో ఏదో వీడియో చూస్తాడు. వారం తిరక్కుండా గుమ్మంలో మనిషంత పొడవు అట్టపెట్టె దిగుతుంది. “కర్టెన్ రాడ్లా?” అని అక్క ఆశగా అడుగుతుంది. కాదు, స్ప్లిట్టర్. ముందు బంపరు అడుగున బిగిస్తే బయటికి పొడుచుకొచ్చే ప్లాస్టిక్ పలక. బావ వాళ్లమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చాట ఇంత పొడుగుంటే చెరిగేదెట్టారా?” అంటుంది.

బావ ఓపిగ్గా చెబుతాడు. ఎదురొచ్చే గాలిని ఈ పలక రెండుగా చీలుస్తుంది. పైపాయ బంపరుకు కొట్టుకుని పలక మీద బరువేస్తుంది. కిందిపాయ సందులోంచి జోరుగా జారిపోతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. దాంతో బండి మూతి నేలకు అదుముకుంటుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బావ చెప్పకుండా దాటేసేది ఒకటుంది. ఈ అదుము వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. తగ్గేటప్పుడూ అదే లెక్క. గంటకు 200 కిలోమీటర్ల మీద రేసు కారుకు దొరికేదాంట్లో, అదే పలకకు 20 మీద దొరికేది నూరో వంతు. సాయంత్రంపూట మల్లమ్మ సెంటర్లో 20 అందుకోవడమే గొప్ప. ఆ నూరో వంతుకన్నా రాత్రిళ్లు బానెట్ మీద పడుకునే పిల్లి బరువెక్కువ.

పలక నల్లగా వస్తుంది. బావకు ఎరుపు కావాలి. షాపులో వేయిస్తే పరువేముంది? ఇంట్లోనే వేయాలి. తెలిసినవాళ్ల పద్ధతి వేరు. ముందు పలకను బంపరు కింద పెట్టి సరిచూసుకుని, బెజ్జాలు వేసుకుని, మళ్లీ విప్పి అప్పుడు రంగు వేస్తారు. బావ చేతిలో స్ప్రే డబ్బా ఉంది కాబట్టి రంగు ముందు. నున్నటి ప్లాస్టిక్‌ను రంగు పట్టుకోదు. ఎమ్రీ పేపరుతో గరుకు తేల్చి, దుమ్మూ జిడ్డూ తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, ఆ మీదట రంగు, ఆ పైన క్లియర్. ఇందులో ఎమ్రీ పేపరూ ప్రైమరూ డబ్బాలు అమ్ముకోడానికి కంపెనీలు కనిపెట్టిన ఎత్తుగడలని బావ గట్టి నమ్మకం.

పైగా వేసేది ఎండాకాలంలో. రెంటచింతల ఎండ ఉన్న జిల్లా మాది. రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ కాసిందో వార్తల్లో చెప్పేటప్పుడు ఆ ఊరి పేరు తరచూ వినబడుతూ ఉంటుంది. అలాంటి ఎండలో డాబా మీద డబ్బా నొక్కితే రంగు పలకను చేరేలోపే గాల్లో సగం ఆరిపోతుంది. పొడిపొడిగా రాలి గరుకు దేలుతుంది. “మ్యాట్ ఫినిష్” అని బావ ప్రకటించాడు. పక్కనే పాత చీర మీద అక్క పెట్టుకున్న గుమ్మడి వడియాలకు మాత్రం మంచి మెరుపొచ్చింది. ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో వీధికి వినపడింది గానీ రాయడం మర్యాద కాదు.

బిగింపు ఆదివారం. జాకీ పెట్టి, జాగ్రత్తకు ఇటుకలు పేర్చి, బావ కారు కిందికి దూరాడు. బయటికి కాళ్లే కనపడుతున్నాయి. ఆ కాళ్లకు సలహాలివ్వడానికి జనం పోగయ్యారు. లారీలకు టింకరింగ్ చేసే మేస్త్రి చుట్ట నోట్లోంచి తీసి, “నడిమిట్నుంచి మొదలుపెట్టి పక్కలకు పోవాల బావా, లేకుంటే వంకరొచ్చిద్ది,” అన్నాడు. బావ అప్పటికే ఎడమ కొసన మూడు స్క్రూలు దింపేశాడు. కుడి కొసకు వచ్చేసరికి బంపరుకూ పలకకూ మధ్య రెండు వేళ్ల సందు.

“గాలికి దారుండాల గదా,” అంది కారు కిందనుంచి గొంతు.

రిటైరైన మాస్టారు చట్టం ఎత్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా. “ఇది మార్పు కాదు మాస్టారూ, అలంకారం,” అన్నాడు బావ.

ఇక్కడ నేను బావ పక్షమే. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో నిలబెట్టే ప్రభలు చూసిన కళ్లు మావి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున విద్యుత్ దీపాలతో కట్టి, ఊరి పేరు నిలబెట్టడానికి మైళ్లకు మైళ్లు లాక్కొచ్చి, తెల్లారాక విప్పేస్తారు. దాని ఉపయోగమేమిటని పల్నాడులో ఎవడూ అడగడు. ఆ రక్తమే బావది. కాకపోతే ప్రభకు పైన కరెంటు తీగలతో పేచీ, బావకు కింద స్పీడ్ బ్రేకర్లతో.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంటే ఏనుగు వీపులా మెల్లగా ఎక్కి దిగాలి. మా ఊళ్లలో అవి ఏదో ప్రమాదం జరిగిన మర్నాడు, ఎవరింటి స్లాబులోనో మిగిలిన సిమెంటుతో పుడతాయి. 2018లో వచ్చిన స్విఫ్టు అడుగు నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, అదీ బండిలో ఎవరూ లేనప్పుడు. పలక అందులో కొంత తినేసింది. దాంతో గురజాలలో అత్తారింటికి ప్రయాణమంటే బ్రేకరు వచ్చినప్పుడల్లా కారు ఆగుతుంది. అక్క దిగుతుంది, పిల్లలు దిగుతారు, వెనక సీట్లోంచి బావ వాళ్లమ్మ గొణుగుతూ దిగుతుంది. ఖాళీ కారును బావ ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించి దాటిస్తాడు. అందరూ నడిచొచ్చి మళ్లీ ఎక్కుతారు. ఈలోగా పల్లెవెలుగు బస్సు హారన్ కొట్టి దాటిపోతుంది, అందులోంచి తెలిసినవాళ్లు చెయ్యూపుతారు. వేగం కోసం కొన్న పలక పుణ్యమా అని బావంత నెమ్మదస్తుడైన డ్రైవరు జిల్లాలో లేడు. మామగారు ఈ మధ్య తన బంధువులకు ఈయన్ను చూపించి, “మా అల్లుడు బహు జాగ్రత్తపరుడు,” అంటున్నారట.

పలక ఎన్నాళ్లుంటుంది? కుడి కొస దాచేపల్లి దగ్గర పోయింది, మిగతాది పిడుగురాళ్ల దాటాక. ముక్కలు డిక్కీలో భద్రంగా ఉన్నాయి, అడిగినవాళ్లకు తీసి చూపిస్తాడు. మొన్న వెనక బజారు కుర్రాడొకడు అలాంటి అట్టపెట్టే చంకన పెట్టుకుని బావ గుమ్మంలో నిలబడ్డాడు. బావ వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి, అక్కతో కాఫీ పెట్టించి, గొంతు సవరించుకున్నాడు.

“ముందు బిగించి చూసుకోవాల తమ్ముడూ, రంగు తర్వాత. బిగించేప్పుడు నడిమిట్నుంచి మొదలుపెట్టి పక్కలకు పోవాల. ఈ సంగతి ఊళ్లో ఎవడికీ తెలవదు.”