గోడ మీద విజన్, ఖాతాలో బాకీ

మన చిన్న వ్యాపారులు ఎందుకు ఎదగడం లేదో ఇన్నాళ్లకు తేలింది. పెట్టుబడి చాలక కాదు, సరుకు తీసుకున్నవాడు డబ్బివ్వక కాదు, అద్దె, కరెంటు బిల్లు, వడ్డీ ఒకే వారంలో మీద పడి కాదు. వాళ్లకు విజన్ లేదట. పెద్ద హోటల్ ఏసీ హాల్లో రెండు రోజుల వర్క్‌షాపు పెట్టి, మెడలో ట్యాగు వేసి, బఫేలో గులాబ్‌జామూన్ వడ్డించి మరీ ఈ రహస్యం చెబుతున్నారు. యజమాని దుకాణంలో కూర్చోకూడదట, దుకాణం పైకెక్కి చూడాలట. ఐదేళ్ల ప్లాను రాసుకోవాలట. కాగితాన్ని నాలుగు గళ్లు గీసి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు నింపాలట. నాలుగో గడిలో నిజం రాయబోతే, అంటే పెద్ద కంపెనీ ఆరు నెలలుగా బిల్లు ఆపిందని రాస్తే, అది నెగెటివ్ ఆలోచన అంటారు. వర్క్‌షాపు ఉచితమే. అసలు కిటుకు మాత్రం అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుంది, జీఎస్టీ అదనం. చిన్న వ్యాపారి ఎదిగినా ఎదగకపోయినా, అతను ఎదిగేలా చేస్తామనే వ్యాపారం మాత్రం బాగానే ఎదుగుతోంది.

ఇంతకీ ఈ ‘స్ట్రాటజీ’ ఎవరికి? జాతీయ నమూనా సర్వే 2015–16లో లెక్కవేస్తే, వ్యవసాయం, నిర్మాణం కాకుండా దేశంలో కంపెనీగా నమోదు కాని చిన్న సంస్థలు 6.3 కోట్లకు పైగా తేలాయి. వాటిలో నూటికి 80కి పైగా సంస్థల్లో నికరంగా జీతమిచ్చి పెట్టుకున్న పనివాడు ఒక్కడూ లేడు. ఇలాంటి చోట ఆర్గనైజేషన్ చార్టు గీయమంటే ఏం గీస్తారు? ఎండీ ఆయనే, మార్కెటింగ్ హెడ్ ఆయనే, పొద్దున్నే షట్టరెత్తి ఊడ్చేదీ ఆయనే. ఫైనాన్స్ భార్య చూస్తుంది, లాజిస్టిక్స్ అంటే కొడుకు, వాడి మోపెడ్. అధికారాలు కిందివాళ్లకు అప్పగించమని వర్క్‌షాపు కోచ్‌గారి ఆదేశం. అప్పగిద్దామంటే కింద ఎవరున్నారు? తండ్రి చొక్కా పిల్లాడికి తొడిగి, చేతులు పొట్టిగా ఉన్నాయని పిల్లాణ్ని కోప్పడ్డట్టుంది ఈ వరస.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. మేనేజ్‌మెంట్ వల్ల నిజంగా లాభం ఉంటుందని రుజువైంది కదా అంటారు. అయింది, అదీ మన దేశంలోనే. ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. 17 సంస్థలకు చెందిన 28 మిల్లులను తీసుకుని, కొన్నింటికి అంతర్జాతీయ సంస్థ కన్సల్టెంట్లతో నెలల తరబడి ఉచితంగా సలహాలిప్పించారు. సలహా అందుకున్న మిల్లుల్లో మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అయితే ఆ కన్సల్టెంట్లు ఏం చేశారో చూడండి. నేల మీది చెత్త తీయించారు. గోదాములో ఏ నూలు ఎంతుందో లెక్క రాయించారు. బట్టలో లోపం ఎక్కడ, ఏ మగ్గం మీద వచ్చిందో రోజూ నమోదు చేయించారు. మరమగ్గం ఆగకముందే నూనె వేయించారు. ఇందులో విజన్ ఎక్కడుంది, మిషన్ ఎక్కడుంది? పైగా అవి సగటున రెండు వందల పైచిలుకు మంది పనిచేసే సంస్థల మిల్లులు, సలహాదారు నెలల తరబడి షాపు ఫ్లోరు మీద నిలబడ్డాడు, హోటల్ వేదిక మీద కాదు. అంతచేసినా ఎనిమిదేళ్లు దాటాక మళ్లీ వెళ్లి చూస్తే, నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మిగిలిన సగంతో ఆ మిల్లులు మిగతావాటికంటే ఇంకా మెరుగ్గానే ఉన్నాయి, అదీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ ఫలితాన్ని చూపించి మిర్చిబజ్జీ బండివాడికి బాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు అమ్మడం వేరే సంగతి.

బండివాడి కొలతకు దగ్గరైన ప్రయోగాలూ ఉన్నాయి. ఘనా రాజధాని అక్రాలో దర్జీలకు కొందరికి పేరున్న సంస్థ నుంచి సలహాలు, కొందరికి నగదు, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. దర్జీలు కొన్నాళ్లు చెప్పినట్టే చేశారు. లాభాలు పెరగలేదు. ఏడాది తిరిగేసరికి పాత పద్ధతికే వచ్చేశారు, అంటే వాళ్లు మొద్దులని కాదు, లాభంలేని పని మానేసేంత తెలివైనవాళ్లని. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు పూర్తిస్థాయి అకౌంటింగ్ పాఠం చెబితే పెద్దగా తేడా రాలేదు, దుకాణం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకోమన్న తరహా మోటు సూత్రాలు చెబితే వచ్చింది. మన వ్యాపారుల్లో చాలామందికి ఇంటి ఖర్చుకూ దుకాణం లెక్కకూ మధ్య గీత లేదన్నది నిజమే, వాళ్లకు పద్దు రాయడం నేర్పాల్సిందే. అది ఒక పూట పని. ఒక పూట పనికి పెద్ద ఫీజు రాదు కాబట్టే రెండు రోజుల వర్క్‌షాపు, ఆపై అడ్వాన్స్‌డ్ కోర్సు.

ఇక అసలు రోగం దగ్గరికి వద్దాం. చిన్న పరిశ్రమ సరుకిచ్చి డబ్బుకోసం ఎదురుచూసే పరిశ్రమ. బాలానగర్‌లో లేత్ మీద విడిభాగాలు చేసేవాడు పెద్ద కంపెనీ అకౌంట్స్ విభాగం దయకోసం చూస్తాడు. సిరిసిల్ల మరమగ్గాల యజమానులు సాక్షాత్తు ప్రభుత్వానికి బతుకమ్మ చీరలు నేసిచ్చి, బకాయిలకోసం 2024లో ఆందోళనకు దిగారు. ఏ విజన్ లోపించి వాళ్లు రోడ్డెక్కారు? 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత ఒప్పందమున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టం కింద ఏర్పాటైన కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్తే 90 రోజుల్లో తేల్చాలి. అప్పుడు ఆ చట్టం వాడుకోవచ్చుగా, వ్యాపారి చేతగానితనమేగా అని మరో అభ్యంతరం. వాడుకుంటే రేపటి ఆర్డరు ఎవరిస్తారు? ఫిర్యాదు చేసినవాడి పేరు కొనుగోలు విభాగంలో ఎవరూ మర్చిపోరు. అది తెలిసే కాబోలు, 2023 ఫైనాన్స్ చట్టంలో ఆదాయపు పన్ను చట్టానికి 43బి(హెచ్) క్లాజు చేర్చి, గడువు దాటిన బిల్లును కట్టేదాకా ఖర్చుగా చూపడానికి వీల్లేదన్నారు. వెంటనే కొందరు కొనుగోలుదారులు ఎంఎస్‌ఎంఈగా నమోదు కాని సరఫరాదారులవైపు జరుగుతారేమోనన్న భయం మొదలైంది. ఇలా బలవంతుడి దగ్గర డబ్బు ఇరుక్కుంటే బలహీనుడి మైండ్‌సెట్ మార్చాలనడం కోచింగ్ పరిశ్రమ కనిపెట్టిన అద్భుత సిద్ధాంతం. బాకీదారు హాల్లో ఉండడు, ఉన్నవాడు బాధితుడే, కాబట్టి తప్పు అతనిదే.

జనం ఇష్టపడే డబ్బు కడుతున్నారు కదా, మీకెందుకు నొప్పి అనేవాళ్లకు ఒక్క మాట. పక్క ఊరి వ్యాపారులతో పరిచయాలు కావాలంటే వెళ్లండి, గులాబ్‌జామూన్ తినండి, ఎవరూ కాదనరు. పద్దు నేర్చుకోవాలంటే దగ్గర్లోని అకౌంటెంటుకు ఒక పూట జీతమివ్వండి. తయారీదారో, సేవలందించేవాళ్లో అయితే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, ఆ నంబరు ప్రతి బిల్లు మీదా రాయండి. టోకు, చిల్లర వ్యాపారులకు మాత్రం ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, 2021లో వాళ్లను ఉద్యమ్‌లోకి చేర్చింది బ్యాంకు రుణాల ప్రాధాన్యానికే. ఒంటరిగా కౌన్సిల్‌కు వెళ్లాలంటే భయమైతే సంఘంగా వెళ్లండి. అయినా సరే కోచ్‌గారి అడ్వాన్స్‌డ్ కోర్సులోనే చేరాలనిపిస్తే, చేరేముందు ఒక్క షరతు పెట్టండి: మా బిల్లులు వసూలైన రోజునే మీ ఫీజు ఇస్తామని.