రెండో కొలత

నా ఒంట్లో ఉన్నవి మూడే: డిగ్రీలు అచ్చేసిన గుండ్రటి బిళ్ల, దాన్ని అంటిపెట్టుకున్న కదలని చెయ్యి, రివెట్ చుట్టూ తిరిగే ఇంకో చెయ్యి. పేరు గోనియోమీటర్. ఫిజియోథెరపీ పిల్లలు ‘గోనియో’ అంటారు. మోకాలో, మోచెయ్యో, భుజమో ఎంతవరకు కదులుతోందో చెప్పడం నా ఉద్యోగం. వెల నాలుగు వందల లోపే. ఆసుపత్రిలో నాకంటే చవకైన పరికరం వెతికితే ఏ దూది ఉండో దొరుకుతుంది.

రాయ్‌పూర్‌లో సర్జికల్ సామాన్ల కొట్టులో రిఫ్లెక్స్ సుత్తి, టేపు, ట్యూనింగ్ ఫోర్కుతో కలిపి ఒక జిప్పు సంచిలో పెట్టి అమ్మారు నన్ను. కొన్నది భిలాయ్ ఖుర్సీపార్ అమ్మాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ, ముసలి పేషెంట్ల దగ్గర ఛత్తీస్‌గఢీ. వాళ్ల తాత శ్రీకాకుళం జిల్లా నుంచి ప్లాంటు పని వెతుక్కుంటూ వచ్చాడట. ఇక్కడి తెలుగు ఇళ్లలో సగం కథలు ఇలాగే మొదలవుతాయి. 1955 ఫిబ్రవరి 2న భిలాయ్ ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ మరుసటేడు నుంచి ఈ ఊరు దేశానికి రైలు పట్టాలు చేసి పంపుతూనే ఉంది. పట్టాలు చేసినవాళ్ల మోకాళ్లు ఇప్పుడు వరసగా నా దగ్గరికి వస్తున్నాయి.

మా వంశం చిన్నదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కీళ్లను ఫ్రాన్స్‌లో మా పెద్దవాళ్లతో కొలిచారు. మన దేశంలో ఫిజియోథెరపీ చదువు పోలియో రోజుల్లో, 1953లో, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. అప్పటినుంచి ప్రతి బ్యాచ్ సంచిలోనూ మావాళ్లు ఉన్నారు. ఈమధ్య ఫోన్లలో కోణాలు కొలిచే యాప్‌లు వచ్చాయి. రానివ్వండి. నాకు చార్జింగ్ అక్కర్లేదు, మధ్యలో ఫోనూ మోగదు.

ఇక నన్ను కొన్న మా అమ్మాయి ఇంటర్న్‌షిప్ సంగతి. పాత పద్ధతిలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్లు చదివి, ఆపైన ఆరు నెలలు ఆసుపత్రిలో పనిచేస్తేనే పట్టా చేతికొస్తుంది. 2021లో అనుబంధ వైద్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. 2025లో ప్రకటించిన కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్పే ఏడాది, చదువు మొత్తం అయిదేళ్లు. మా అమ్మాయిది పాత బ్యాచ్ కాబట్టి ఆరు నెలలతో సరి. ఆ ఆరు నెలలకి ముందూ వెనకా ఉన్న కాగితాలు చూస్తే మాత్రం నా రివెట్ బిగుసుకుపోయింది. కాలేజీ లెటరు, ఆసుపత్రి అనుమతి, సీపీఆర్ శిక్షణ, హాజరు పట్టీ, కేస్ ప్రెజెంటేషన్లు, లాగ్‌బుక్కు, ఒక్కో విభాగం ముగిసేసరికి అక్కడి హెడ్డు సంతకం. సెలవులు హద్దు దాటితే ఆ రోజులు చివర్న కలుపుతారు.

డాలస్‌లో వాళ్ల పిన్ని కొడుకు కైనీషియాలజీ చదువుతున్నాడు. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకరి కష్టాలు ఒకరికి చెప్పుకుంటుంటే టేబుల్ మీదుండి విన్నాను. అక్కడ రోజులు కాదు, గంటలు లెక్కట. సీపీఆర్ కార్డు ఉండాలి, బాధ్యత బీమా తీసుకోవాలి, పోలీసు రికార్డు చూపించాలి. సూపర్‌వైజర్ సంతకం పడని గంట లెక్కలోకే రాదట. “మరి నీ పేషెంట్లు బాగవుతున్నారా అన్నయ్యా?” అంది ఈ అమ్మాయి. “ఆ ఫారం ఏదీ లేదే,” అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. లాగ్‌బుక్కంటే నాకు పాత కక్ష ఉంది. తేదీ, ఓపీ నంబరు, వయసు, జబ్బు, ఇచ్చిన చికిత్స, సంతకం: దాంట్లో ఉన్న గళ్లు ఇవి. ఇన్ని కేసులు చూడాలని నిబంధన ఉంటుంది కాబట్టి పిల్లల కన్నంతా కేసుల సంఖ్య మీదే. కొందరైతే నన్ను జేబులోంచి తియ్యకుండానే ‘రేంజ్ ఫుల్’ అని రాసేస్తారు. ఇంకొందరు సీనియర్ పుస్తకం పక్కన పెట్టుకుని మోకాలైతే 135, భుజమైతే 180 అని దింపేస్తారు. ఆ 135 అనేది అమెరికా ఎముకల వైద్యుల సంఘం 1965లో అచ్చేసిన చిన్న పుస్తకంలోని అంకె. కుర్చీలో పుట్టి కుర్చీలో పెరిగిన మోకాళ్లకు అది సరిపోవచ్చు. పీట మీద కూర్చుని తిని, గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకున్న మనిషి మోకాలు ఆ గీత దగ్గర ఆగదు.

మొదటి పోస్టింగు ఆర్థో ఓపీ. ఊళ్లో ఒక ఆసుపత్రి, పేరు అక్కర్లేదు. “మాడీ పిరాథే బేటీ,” (మోకాలు నొప్పి తల్లీ) అంటూ పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు, భుజం బిగుసుకుపోయి వెనక్కి చెయ్యి పెట్టుకోలేని షుగరు పేషెంట్లు, నడుం పట్టేసిన డంపర్ డ్రైవర్లు. ఆ గుంపులో ఒకరోజు కర్ర పట్టుకుని వచ్చాడొక పెద్దాయన. కోక్ ఓవెన్లలో చేసి రిటైరయ్యాడు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గు మగ్గే చోట, తలుపుల దగ్గర డ్యూటీ. అంతకాలం అక్కడ ఏమీ కాని మనిషి పవర్ హౌస్ మార్కెట్ దగ్గర స్కూటర్ తగిలి పడ్డాడు. మోకాలి చిప్ప రెండు ముక్కలైతే ఆపరేషన్ చేసి తీగ కట్టారు. ఎముక అతుక్కుంది, కాలు మాత్రం కట్టెలా ఉండిపోయింది. ఇక్కడికి రాకముందు ఇంకోచోట చాలా వారాలు కరెంటు పెట్టించుకున్నాడు. వాళ్లిచ్చిన కాగితాల్లో ప్రతి వారం ‘మెరుగవుతోంది’ అని ఉంది. ఎంత నుంచి ఎంతకు మెరుగైందో ఒక్క కాగితంలోనూ లేదు.

“ఏటమ్మా, ఆ పలాస్టిక్కు ముక్కతో ఏటి సూస్తావు? నొప్పేస్తాదేటి?”

“నొప్పేం ఉండదు తాతా. ఎంత వంగుతోందో కొలుస్తాను, అంతే. ఇంతకీ మీకేం కావాలి?”

“నాకేటి కావాల? సైకిలెక్కాల. కూరగాయలకి మనవణ్ణి బతిమాలుకోవాల్సొస్తంది.”

వెల్లకిలా పడుకోబెట్టింది. మోకాలి బయటి వైపు వేలితో తడిమి, ఎముక బొడిపె దొరికాక అక్కడ పెన్నుతో చుక్క పెట్టింది. నా బిళ్ల మధ్యభాగం ఆ చుక్క మీదికి వచ్చింది. కదలని చేతిని తుంటి పక్కన వేళ్లకు తగిలే ఎముక వైపు, కదిలే చేతిని బయటి చీలమండ వైపు సర్దింది. మడమ కింద పలచటి గుడ్డ వేసి, “మెల్లగా మీ వైపు లాక్కోండి తాతా,” అంది. మడమ జరిగింది, ఆగింది. వంగి, కళ్లు నాకు సమంగా పెట్టి చదివింది. 58. తర్వాత తన చేత్తో పట్టి మెల్లగా నెట్టింది: 64. ఎముకకి ఎముక కొట్టుకుని ఆగిన ఆపు కాదది. కండా పొరా బిగుసుకుని ఆగింది. అంటే ఆశ ఉంది. తర్వాత రెండో కాలు కొలిచింది, అసలు ఎంతుండాలో తెలియాలి కదా. 148! పుస్తకంలో 135 చూసుకుని కూర్చుంటే ఈయన దగ్గర పదమూడు డిగ్రీలు ఎగ్గొట్టినట్టే.

అంకెలన్నీ ఒకేలా పనికిరావు. కుర్చీలోంచి ఇబ్బంది లేకుండా లేవాలంటే మోకాలు 90 దాటి వంగాలి. సైకిల్ పెడల్ పూర్తిగా తిరగాలంటే 105, 110 దాకా వంగాలి. ఈ లెక్క ఆయనకు చెప్పింది. అప్పటినుంచి ఆయన రాగానే “ఇయాల ఎంతొచ్చింది?” అని అడగడం మొదలెట్టాడు. ప్లాంటులో ఆ షిఫ్టు ప్రొడక్షన్ ఎంతని అడిగినట్టే ఉండేది ఆ గొంతు. వేడి కాపడం, చిప్పను పైకీ కిందికీ కదపడం, మడమ జార్చడం, తొడ కండ బిగించడం. పళ్ల బిగువున చేసేవాడు. 58 కాస్తా 72 అయింది, 85 అయింది, 100 దగ్గర మొండికేసింది.

అలా మొండికేసిన వారంలోనే మా అమ్మాయి పోస్టింగు మారింది. నిబంధన అది, అన్ని విభాగాలూ తిరగాలి. తప్పని నేనూ అనను, ఒక్క మోకాలు చూసి ఎవరూ ఫిజియోథెరపిస్టు కాలేరు. ఐసీయూలో ఊపిరితిత్తుల కఫం తీయించడం, నీరసించిన మనిషిని మంచం అంచున కూర్చోబెట్టడం నేర్చుకుంది. అక్కడ నాకు పనిలేక సంచిలోనే ఉన్నాను, కాబట్టి చెప్పడానికేం లేదు. న్యూరోలో పక్షవాతం కేసులు. అక్కడ కోణంకన్నా కండబలం ముఖ్యం. 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు, దానికి చెయ్యి చాలు, నేనక్కర్లేదు. నా గొడవల్లా ఒకటే. పోస్టింగు నెలకు మారుతుంది, బిగుసుకున్న మోకాలు నెలలో వదలదు.

పెద్దాయన ఇంకో ఇంటర్న్ చేతికి వెళ్లాడు. మంచి పిల్లాడే. తన గోనియోతో కొలిచి 96 అన్నాడు. ముందు రోజే మా అమ్మాయి 101 చూసింది. పెద్దాయన మొహం వాడిపోయింది. “ఎనక్కెళ్లిపోనాదేటి?”

ఎక్కడికీ వెళ్లలేదు. ఆ అబ్బాయి మడమ కింద గుడ్డ వెయ్యలేదు, బిళ్లను కాస్త కిందికి పెట్టాడు. కొలిచే చెయ్యి మారితే అయిదు డిగ్రీల వరకు తేడా మామూలే. మా జాతికున్న లోపం అది. అందుకే అయిదు లోపు పెరిగినా తగ్గినా పండగా చేసుకోకూడదు, ఏడవనూ కూడదు. ఒకే మనిషి, ఒకే భంగిమలో, ఒకే గుర్తుల మీద కొలవాలి. ఈ ముక్క వైవాలో అందరూ గడగడా చెప్తారు. డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

మా అమ్మాయి మధ్యాహ్నం భోజనం టైంలో ఓపీకి వచ్చి ఆయన మోకాలు కొలవడం మొదలుపెట్టింది. డబ్బా సగం తిని ఒకసారి, తినకుండా ఒకసారి. ఇవి హాజరులోకి రావు, కేసుల లెక్కలోకీ రావు. కొత్తగా చూస్తున్న అబ్బాయికి చుక్క ఎక్కడ పెట్టాలో, గుడ్డ ఎందుకు వెయ్యాలో చూపించింది. ఇద్దరి అంకెలూ దగ్గరపడ్డాయి. లాగ్‌బుక్కులో సంతకం గడికి ముందు స్కేలు పెట్టి మూడు నిలువు గీతలు కొట్టింది: మొదటి కొలత, రెండో కొలత, కొలిచింది ఎవరు. పాత పేజీలన్నిటికీ అలాగే గీసుకుంటూ వెళ్లింది. రెండో కొలత గడి చాలాచోట్ల ఖాళీగా మిగిలింది, ఆ పేషెంట్లు మళ్లీ రాలేదు మరి. ఖాళీని ఖాళీగానే వదిలేసింది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది అప్పుడే.

పుస్తకం సంతకానికి వెళ్లినప్పుడు హెడ్డు సార్ కళ్లజోడు పైకి తోసుకున్నారు. “ఈ గీతలు ఎవరు కొట్టమన్నారు?”

“ఎవరూ అన్లేదు సార్.”

నాలుగు పేజీలు తిప్పారు. ఖాళీ గడుల దగ్గర ఆగారు. ఏమీ అనకుండా సంతకం పెట్టి ఇచ్చేశారు. మెచ్చుకున్నారో, ఓపిక లేక వదిలేశారో నాకు తెలీలేదు.

పెద్దాయన మోకాలు 112కి వచ్చాక స్టాటిక్ సైకిల్ ఎక్కించారు. ముందుకు తొక్కబోతే పెడల్ పైకొచ్చేచోట ఇరుక్కుంది. “వెనక్కి తిప్పండి తాతా, ముందు అదే వస్తుంది,” అంది మా అమ్మాయి. వెనక్కి ఒక చుట్టు తిరిగింది, ఇంకోటి తిరిగింది, ఆ తర్వాతే ముందుకు. ఇంట్లో సైకిల్‌కి సీటు కాస్త ఎత్తు పెంచుకోమని చెప్పింది. సీటు ఎత్తయితే మోకాలు వంగాల్సింది తగ్గుతుంది. మెకానిక్ కొట్టులో ఆ పని చేయించుకుని, మరుసటి వారం సైకిల్ మీదే వచ్చాడు. కర్ర మాత్రం క్యారేజీకి కట్టుకొచ్చాడు, కోడలు ఊరుకోలేదట. 148 రాలేదు, ఇక రాకపోవచ్చు కూడా. ఆ మాట మా అమ్మాయి ఆయనకు దాచకుండా చెప్పింది.

ఇంటర్న్‌షిప్ పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది. నా అంకెలు స్పిరిట్ తుడుపులకు అక్కడక్కడ చెరిగాయి, చెయ్యి కాస్త వదులైంది, అయినా నన్నే వాడుతోంది.

చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో ఎవరి మోకాలో భుజమో బాగాలేక ఫిజియోథెరపీకి వెళ్తే, మొదటి రోజే కొలిచి ఆ అంకె, తేదీ, కొలిచినవారి పేరు కాగితం మీద రాసివ్వమని అడగండి. మీకు ఏ పని చేసుకోవాలనుందో కూడా అక్కడే చెప్పండి. రెండు వారాలయ్యాక ఆ చేత్తోనే మళ్లీ కొలవమనండి. కాదనరు, అది వాళ్ల పనే.