గ్యాస్ తర్వాత, ముందు పైపు చూడండి

రోహిణీ కార్తె ఇంకా రాకముందే బెజవాడ ఆటోనగర్‌లో ఏసీ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. దిగినవాళ్లందరిదీ ఒకటే మాట: "చల్లగా రావట్లేదు, గ్యాస్ పట్టించండి." కుర్రాడు గేజి తగిలిస్తాడు, గ్యాస్ ఎక్కిస్తాడు, పావుగంటలో పంపించేస్తాడు. మళ్లీ ఏడాదికి అదే కారు, అదే షాపు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదయ్యా! కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కణ్ణుంచి కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల మీద రబ్బరు గుండా కాస్త ఇగిరితే ఇగరొచ్చు. ఏడాదికే చల్లదనం చచ్చిపోయిందంటే ఎక్కడో లీకుంది. అది పట్టకుండా ఎంత నింపినా పోయేదే.

మా రోజుల్లో ముందు లీకు, తర్వాతే గ్యాస్. నాకు పని నేర్పిన మేస్త్రి బానెట్ ఎత్తగానే పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు. "కళ్లతో వెతకరా ముందు" అనేవాడు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ పైపుల్లో తిరుగుతుంది. గ్యాస్ పోయే చోట ఆ ఆయిల్ చెమ్మ తేలి, దుమ్ము పట్టి, నల్లటి మరక కడుతుంది. వేలు పెడితే జిడ్డు. చాలాసార్లు ఆ మరక రబ్బరు పైపు చివర, దాన్ని గొట్టానికి పట్టి ఉంచే అల్యూమినియం ఫెర్రూల్ నొక్కిన దగ్గరే ఉంటుంది. ఉండదా మరి! కంప్రెసర్ ఇంజన్‌తో పాటు ఊగుతుంది, కండెన్సర్ బాడీకి బిగించి ఉంటుంది. ఆ ఊపంతా మధ్యలో రబ్బరే మొయ్యాలి. పైగా సన్న పైపులో కాలిపోయే గ్యాస్, ఎండాకాలం 200 పీఎస్ఐ దాటే ప్రెషర్. కొన్నేళ్లకు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. మరక దగ్గర సబ్బు నురగ పూసి కాసేపు రెప్ప వాల్చకుండా చూస్తే, చిన్న చిన్న బుడగలు గుత్తిగా లేస్తాయి.

అప్పుడు ఆర్-12 గ్యాస్. దానికి హేలైడ్ టార్చి ఉండేది. దాని గొట్టం లీకు దగ్గర పెడితే గ్యాస్‌లోని క్లోరిన్‌కి మంట ఆకుపచ్చగా మారేది. ఆ క్లోరినే ఓజోన్ పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు. 2010 కల్లా మన దేశంలోనూ, ఆస్తమా మందులకు తప్ప, ఆ జాతి గ్యాసులు ఆగిపోయాయి. పోవాల్సిందే, పోయింది. తర్వాతొచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,300 రెట్లు, ఆ పైనే. దాన్ని ఏటా గాలికి వదిలి మళ్లీ నింపడానికి చేతులెలా వస్తాయో! ఇప్పుడు పాత గ్యాస్ లాగి దాచే మిషన్లున్నాయి, లైటు వేస్తే మెరిసే డై ఉంది, ఎలక్ట్రానిక్ డిటెక్టర్లున్నాయి. మా మేస్త్రి చూసుంటే కళ్లకద్దుకునేవాడు. చాలా షాపుల్లో అవి మూలన పడున్నాయి.

పైపు బాగుచెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు, ఓపిక కావాలి. విప్పే ముందు రెండు చివర్ల వంకీలు ఏ వైపు తిరిగున్నాయో సుద్దతో గీత గీయాలి. అది మరిచి నొక్కేస్తే పైపు మెలిపడి బండికి కూర్చోదు. ఫెర్రూల్‌ని హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కొయ్యాలి, కింద గొట్టం గాట్లకు మాత్రం దెబ్బ తగలకూడదు. కొత్త హోసు లోపల నైలాన్ పొర ఉన్నదే కావాలి, ఆర్-12 నాటి ఉత్త రబ్బరు 134ఏని ఆపలేదు. చివర తిన్నగా కోసి, కంప్రెసర్ ఆయిల్ రాసి, ఫెర్రూల్ కన్నంలోంచి రబ్బరు కనపడేదాకా తోసి, అప్పుడు క్రింపింగ్. ఓ-రింగులు కొత్తవి. నైట్రోజన్ ఎక్కించి మళ్లీ సబ్బు నురగ. ఇదంతా వందల్లో పోయే పని. ఇప్పుడేమో, "పైపు మొత్తం మార్చాలండీ" అని వేలు చెబుతారు. అల్యూమినియం గొట్టమే చీలితే మార్చక తప్పదు, ఒప్పుకుంటా. ఫెర్రూల్ దగ్గర చెమ్మకి పైపంతా పారెయ్యడమేంటి? ఇంకొందరు లీకులు మూసే మందని ఓ డబ్బా పోస్తారు. అది పోయి ఎక్స్‌పాన్షన్ వాల్వులో అడ్డం పడితే ఖర్చు రెట్టింపు.

తొందర బండివాళ్లదీను. "బాబాయ్, గ్యాస్ కొట్టేయ్, సాయంత్రానికి హైదరాబాదులో ఉండాలి" అన్నాడు మొన్నొకాయన. గ్యాస్‌తో పాటు ఆయిలూ కారిపోతుంటే కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది బాబూ, అప్పుడు పైపు ఖర్చు కాదు, దానికి ఎన్నో రెట్లు పెట్టాలని చెప్పి, కూర్చోబెట్టి పైపు విప్పాను.

మీరు ఏ షాపుకెళ్లినా సరే, గ్యాస్ ఎక్కించే ముందు పంపుతో లోపలి గాలంతా లాగి వ్యాక్యూమ్ పెట్టమనండి. పంపు ఆపాక కనీసం అరగంట గేజి ముల్లు అక్కడే నిలవాలి. పక్కనే నిలబడి చూడండి. ముల్లు లేచిందంటే గ్యాస్ వద్దని, ముందు లీకు పట్టమని గట్టిగా చెప్పండి.