ఝరనిల దిగినం: ఒక వాట్సాప్ మూలానికి టీకా, తాత్పర్యం

మూలం: అవ్వా, మంచిగ చేరినం. నలుగురం గూడి కోట జూసినం. ఝరనిల దిగినం. రొట్టెలొడిసినయ్. ఐదు నూర్లు కొట్టు.

అవతారిక: సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద నుంచి బీదర్‌కు చదువుకోను పోయిన ఒక విద్యార్థిని, హాస్టల్లో దిగిన మూడో నాడు ఇంటికి పంపిన సందేశం ఇది. వాక్యాలు ఐదు. ప్రయోజనం ఐదో వాక్యంలో ఉంది. తక్కిన నాలుగూ దానికి పీఠిక.

తాత్పర్యం: నలుగురు స్నేహితురాళ్లు క్షేమంగా చేరి, ఊరు తిరిగి, తెచ్చుకున్నది తిని, ఉన్నది ఖర్చుపెట్టారు. తొందర ఉన్నవారు ఇక్కడే ఆగవచ్చు.

టీకా: అవ్వా = ఓ తల్లీ. కోస్తా వైపు వారు ఈ మాటకు నాయనమ్మ అనో అమ్మమ్మ అనో చెప్పి వావి మారుస్తారు. ఈ సీమలో అవ్వ అంటే కన్నతల్లే.

మంచిగ = క్షేమంగా. ఇది వాచ్యార్థం. బస్సులో సీటు దొరకలేదన్నది ధ్వని. దొరికి ఉంటే మాట బదులు కిటికీ పక్కన దిగిన ఫోటో వచ్చేది.

చేరినం = చేరాము. ఇక్కడ ఒక శంక. మంజీర దాటితే వచ్చే బీదర్‌కు పోయి, బ్రెజిల్‌లో దిగినట్టు 'చేరినం' అని కబురంపడమేమిటి? సమాధానం చరిత్రలో ఉంది. నాగల్‌గిద్ద ఉన్న నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లాలోదే. ఆ ఏడు నవంబరు 1న భాషలను బట్టి రాష్ట్రాలు విడిపోతే ఖేడ్ మెదక్‌లో కలిసింది, బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. 2016 అక్టోబరులో మెదక్ కూడా ముక్కలై సంగారెడ్డి జిల్లా, నాగల్‌గిద్ద మండలం ఏర్పడ్డాయి. తాత కచేరీ పనికి పోయొచ్చిన ఊరు మనుమరాలికి పరరాష్ట్రమైంది. దీనికి ప్రమాణం బస్సు టికెట్టే. తెలంగాణ ఆర్టీసీలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు కిరాయి లేదు గాని, కండక్టరు ఇచ్చే జీరో టికెట్ సరిహద్దు దాకే చెల్లుతుంది. అవతల ఇలాంటిదే శక్తి పథకం అదే ఏడు జూన్‌లో మొదలైనా, అది కర్ణాటక ఆడవాళ్లకే. కాబట్టి 'చేరినం' అన్న క్రియలో మొదటి సగం ఉచితం, రెండో సగానికి పైసలు తీయాలి. ఇక భాష సంగతి. బ్రెజిల్ పోయినవారికి పోర్చుగీసు గండం ఉంటుంది (అయినా మన బాల్చీ, అల్మారా ఆ భాష నుంచి వచ్చినవే గనుక గది సర్దుకునేంత వరకు నడుస్తుంది). బీదర్‌లో ఆ చిక్కు లేదు. కన్నడం, దఖ్నీ రెండూ ఈ సరిహద్దు పిల్లలకు సంతలోనే పట్టుబడతాయి.

నలుగురం గూడి = నలుగురమూ కలిసి. జత చేసిన ఫోటోలో ముగ్గురే ఉన్నారని ఆక్షేపణ. వేదాంతులు చెప్పే పదోవాడి కథ తెలిసినవారు ఫోను పట్టుకున్న పిల్లను కూడా లెక్కలో వేసుకుంటారు.

కోట జూసినం. ఇది అతిశయోక్తి, ఆ కోట ఒక్క పూటలో చూసేది కాదు. బహమనీ సుల్తాను అహ్మద్‌షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి కట్టించాడు. ఎర్రటి జంబిట్ట రాతిని తొలిచి మూడు వరసల కందకం తీశారు. లోపల 1423-24 నాటి సోలాఖంబ మసీదు ఉంది. రంగీన్ మహల్లో నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. కానీ అన్నిటికంటే విశేషం కోట మట్టి. బీదరీ పనివారు జింకులో కొద్దిగా రాగి కలిపి పాత్ర పోతపోసి, వెండి పొదిగి, ఈ మట్టిని నవాసారంతో కలిపిన నీళ్లలో దాన్ని వేడిచేస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఎండావానా తగలని చోటి మట్టే దీనికి పనికొస్తుంది. అది సరైనదో కాదో పనివాడు చిటికెడు నాలుక మీద వేసుకుని తేలుస్తాడు.

మూలం చెప్పకుండా వదిలినది ఒకటుంది. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా కోటకు పోయే దారిలోనే ఉంది. విద్యార్థుల గదులతో, పలకల మీద రంగుల గీతలతో మూడంతస్తుల కట్టడం. ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి సగం ముఖం కూలింది. చదువుకోను పోయినవారు చదువుల ఇల్లొక్కటే వదిలేయడాన్ని లోపమనాలో స్వభావోక్తి అనాలో ఆలంకారికులు తేల్చుకోవాలి.

ఝరనిల దిగినం. ఝరణీ నరసింహస్వామి గుహ ఊరి అంచున ఉంది. సుమారు 300 మీటర్ల సొరంగం, నడుము దాటి ఛాతీ దాకా నీళ్లు, నెత్తిమీద గబ్బిలాలు. చివర స్వామి, ఆయన ముందు నిలబడేందుకు కొద్దిమందికే చోటు. 'దిగినం' ఉంది గాని 'బయటికొచ్చినం' లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి, లేకపోతే తల్లికి నిద్ర పట్టదు. తడిబట్టలతో హాస్టలు దాకా నడిచిన సంగతి కూడా అధ్యాహారమే.

రొట్టెలొడిసినయ్ = రొట్టెలు అయిపోయాయి. ఒడుచు అంటే అయిపోవు. రొట్టె అన్నప్పుడు జొన్నరొట్టె అని వేరే చెప్పనక్కరలేదు. ఈ నేల మీద గోధుమదానికే విశేషణం కావాలి. పెళపెళలాడేలా కాల్చిన కడక్ రొట్టె వారాలు నిలుస్తుంది. అది మూడో నాటికే ఒడిసిందంటే గదిలో నాలుగు చేతులు పడ్డాయన్నమాట. బహువచనానికి ఇదే సమర్థన.

ఐదు నూర్లు. ఈ ఊళ్లో యాత్రికుల ఖర్చుకు పాత సాక్ష్యం ఒకటుంది. రష్యాలోని త్వేర్ పట్టణపు వ్యాపారి అఫనాసీ నికితిన్ బహమనీల కాలంలో బీదర్‌కు వచ్చి, వెంట తెచ్చుకున్న గుర్రాన్ని ఇక్కడే అమ్ముకున్నాడు. విద్యార్థినికి గుర్రం లేదు. కాబట్టి

కొట్టు = పంపు. నామవాచకమైతే దుకాణం, క్రియైతే దెబ్బ. ఫోన్‌పే వచ్చాక మూడో అర్థం పుట్టింది; కొట్టించుకున్నవారు సంతోషించడం దీని లక్షణం.

మూలం కింద రెండు నీలిగీతలు ఉన్నాయి. తల్లి జవాబు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. అది శ్రుతి గనుక ఈ టీకా పరిధిలోకి రాదు.