రంగుల పెట్టె, బూడిద పెట్టె, మా గోడగడియారము

1995వ సంవత్సరపు వేసవిలో, రోహిణీకార్తె ఇంకను ప్రవేశింపకమునుపే గోదావరి ఇసుక అరికాళ్ళను అట్లపెనమువలె కాల్చుచుండిన దినములలో, న్యూజెర్సీనుండి మా చెల్లెలు తన కుమారునితోబాటు చికాగోలోని మా తమ్ముని కుమారునిగూడ వెంటబెట్టుకొని రాజమహేంద్రవరములోని మా ఇంటికి వచ్చెను. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి అప్పుడే విశ్రాంతి పొందిన నాకు, ఆ బాలురిరువురచేత తలకొక నాలుగు పద్యములు కంఠస్థము చేయించి పంపవలెనను సదుద్దేశము గట్టిగా ఉండెను గాని, వారు రిక్షా దిగిన గడియకే నా పద్యములకు అక్కడ తావు లేదని బోధపడినది. ఏలయన, మేనల్లుని చేతిలో సేగావారి గేమ్‌ గేర్‌, తమ్ముని కొడుకు చేతిలో నింటెండోవారి గేమ్‌ బాయ్‌ ఉండెను. ఆ రెండు పెట్టెల నడుమ జపానులోను అమెరికాలోను ఏండ్ల తరబడి సాగుచున్న సమరమునకు ఆనాటినుండి మా వసారా కూడ ఒక రణరంగమయ్యెను.

తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును నడిచిన వివాదమును మా గురువుగారు కథలుకథలుగా చెప్పగా విని, చదువుకొన్నవారు ఇంత పట్టుదలకు పోవుదురా యని బాల్యమున ఆశ్చర్యపడితిని. ఈ పదకొండేండ్ల ప్రాయమువారి శాస్త్రార్థమును వినిన పిమ్మట ఆ ఆశ్చర్యము సమూలముగా తీరిపోయినది.

పూర్వపక్షము గేమ్‌ గేర్‌ది. నల్లగా, అడ్డముగా, నిండుచేతికి సరిపడునట్లు ఉండిన ఆ పెట్టెలో బొమ్మలు రంగులతో తళతళలాడును. తెర వెనుక దానికి సొంత దీపమున్నది. 1990లో జపానున వెలువడిన ఈ యంత్రపువారు అమెరికా టెలివిజన్‌లో ఇచ్చిన ఒక ప్రకటనలో, రంగులు తెలియని కుక్కకైనచో గేమ్‌ బాయ్‌ చాలునన్నంత మాట అనిరట. మేనల్లుడు ఈ ప్రకటనను వేదవాక్యముగా ఉదాహరించుచుండెను. సిద్ధాంతపక్షము గేమ్‌ బాయ్‌ది. 1989 ఏప్రిల్‌లో పుట్టిన ఈ బూడిదరంగు ఇటుకలో రంగన్నమాటయే లేదు. నాచు పట్టిన చెరువునీటివంటి ఆకుపచ్చలో నాలుగంటే నాలుగు ఛాయలు. సొంత దీపము లేదు. అయినను నాలుగు పెన్సిల్‌ సెల్లులతో పదునైదు గంటలు సులభముగా ఆడును. ప్రతిపక్షమునకు ఆరు సెల్లులు కావలెను, ఆయుర్దాయము మూడునుండి ఐదు గంటలు. తెర వెనుక దీపమును వెలిగించుటకే సెల్లులలోని సారము సగము హరించుకొనిపోవునట.

అమెరికానుండి తెచ్చిన అడాప్టర్లు నూటపది వోల్టుల దేశపువి. మా గోడలోని కరెంటు రెండువందల ముప్పది. వానిని తాకరాదని మా చెల్లెలు మొదటిదినముననే శాసించెను. కావున సెల్లుల భారము గృహయజమానినైన నా శిరస్సున పడినది. మూడవ పర్యాయము డజను సెల్లులు అడుగగా మా వీధిచివరి కొట్టువాడు నన్ను ఎగాదిగా చూచి, “మాస్టారూ, ఇంట్లో రేడియో స్టేషన్‌ గానీ పెట్టారా?” అనెను. రంగులకును ఆయువునకును నడుమ ఏది శ్రేష్ఠమను ప్రశ్నకు నేను నిష్పాక్షికముగా తీర్పు చెప్పజాలకపోవుటకు కారణము ఇదియే: సెల్లులు కొనువాడు ఎన్నటికిని రంగుల పక్షమువాడు కాడు.

అట్లని రంగుల పెట్టెకు యోగము పట్టిన ఘడియ లేకపోలేదు. ఒకనాటి రాత్రి కరెంటు పోగా, మేనల్లుడు పెరటి నులకమంచముమీద వెల్లకిల పరుండి, ముఖము నిండ నీలికాంతి పరచుకొని, నీలిరంగు జంతువును పరుగెత్తించుచుండెను. తమ్ముని కొడుకో, పూర్వము వీధిదీపము క్రింద చదివి వృద్ధిలోనికి వచ్చిన మహనీయులవలె, హరికేను లాంతరు చెంత మోకరిల్లి, తన తెరను ఒకసారి ఇటు వంచి, ఒకసారి అటు వంచి, చెవి కాలునంత దగ్గరగా చేరి ఆడుచుండెను. ఆ దృశ్యమును చూచి నా హృదయము కరిగినది. కాని తొమ్మిదిన్నరకు నీలికాంతి ఎర్రబారక, నల్లబారక, ఉన్నట్టుండి ఆరిపోయెను. లాంతరు చెంతనున్నవాడు తల ఎత్తకయే, “అయిపోయిందా?” అనెను. వాని కంఠములోని జాలిని మించిన క్రౌర్యమును నేను పురాణములలోగూడ చదివియుండలేదు.

ఆ నీలిజంతువు ఏదియో తేల్చుటకు నాకు రెండు దినములు పట్టినది. ముళ్ళపంది యని మొదట అనుకొంటిని. నిఘంటువు తిరగవేసి, ఏదుపంది వేరు, ఈ సోనిక్‌ జాతి వేరు, దీనిని ముళ్ళ ఎలుక యనుటయే సముచితమని నిర్ణయించితిని. ఇరువురలో ఎవ్వరును ఆ నిర్ణయమునకు హర్షింపలేదు. రెండవ పక్షపు నాయకుడు మారియో. కుళాయిలు బాగుచేయు వృత్తి, గుబురుమీసములు. వారము దినములు పరిశీలించితిని. ఆయన ఒక్క కుళాయినైనను బిగించిన పాపమున పోలేదు. ఒకరి క్యాసెట్టు మరియొకరి పెట్టెలో దూరదు గనుక ఈ ఇరువురు నాయకులకు ముఖాముఖి పోరు అప్పటికి సంభవింపలేదు. పోరంతయు వారి భక్తులదే.

నింటెండో 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటకు పుట్టిన సంస్థయట. అందు పనిచేసిన గున్‌పే యొకోయి, బుల్లెట్‌ రైలులో ఒక ఉద్యోగి ప్రొద్దుపోక లెక్కల యంత్రపు మీటలు నొక్కుకొనుచుండగా చూచి, 1980లో చిన్న చేతియాటల గడియారములను కల్పించినవాడు. గేమ్‌ బాయ్‌ కూడ ఆయన వర్గము చేసినదే. కొత్తగా వెలసిన ఖరీదైన విద్యవెంట పరుగిడక, అందరికి అలవాటై, చవకయై, వడలిపోయిన విద్యను తెచ్చి కొత్త పనికి మళ్ళింపవలెనన్నది ఆయన సిద్ధాంతము. ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి మాగాయ జ్ఞాపకము వచ్చినది. పచ్చిముక్కకు రంగున్నది, నిగనిగ యున్నది. ఏడాది నిలుచునది మాత్రము ఎండిన ముక్కయే. అమెరికాలో బూడిద పెట్టె తొంబది డాలర్లకు, రంగుల పెట్టె నూటయేబదికి అమ్మిరి. చిట్టచివరి లెక్కలలో గేమ్‌ బాయ్‌, తరువాత వచ్చిన దాని రంగుల తమ్మునితో కలిసి, పదునొకండు కోట్ల ఎనుబదియారు లక్షలు దాటినది. గేమ్‌ గేర్‌ కోటి పైచిలుకు. అంతకు ముందే రంగులతో వచ్చిన అటారీ లింక్స్‌ మాట ఎవరును తలపరు.

ఇక నా పతనమునకు మూలమైన టెట్రిస్‌ సంగతి. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్‌ కల్పించిన ఈ ఆటలో, నాలుగేసి గడులు అతుకుకొన్న ఏడు ఆకారములు పైనుండి జారుచుండును. సందులు లేకుండ పేర్చవలెను, అంతే. 1993లో సెరెబ్రోవ్‌ అను రష్యా వ్యోమగామి దీనిని మీర్‌ అంతరిక్ష కేంద్రమునకు వెంట తీసికొనిపోయెనన్నచో, విశ్రాంతి పొందిన తెలుగు పండితుడు వసారాలోనికి తీసికొనిపోవుట వింత కాదు. దాని వెంట మ్రోగు రష్యా జానపదపు బాణీ మా ఇల్లాలికి పట్టుబడి, దోసెలు తిరగవేయునప్పుడెల్ల ఆమె నోట పలుకుచుండెను.

వారు మద్రాసు రైలెక్కవలసిన దినమున, మధ్యాహ్నభోజనానంతరము అందరును కునుకు తీయుచుండగా, నేను వసారాలో ఎండ వెలుతురుకు తెరను వంచుకొని పేర్చుచుంటిని. నా జీవితమున అత్యధికమైన అంకె కనుచూపుమేరలో నున్నది. అప్పుడు తెర ప్రక్కనున్న చిన్న ఎర్రదీపము మసకబారెను. ఇంటిలో సెల్లులు లేవు, అంగడి మూసియున్నది. ఆట నిలిపి, మునివేళ్ళమీద లోనికి పోయి, ముక్కాలిపీట ఎక్కి, గోడగడియారమునుండి సెల్లు ఒకటి తీసి, ఆ నాలుగింటిలో అన్నిటికంటె ముసలిదానిని తొలగించి దీనిని పెట్టితిని. తెరచినంతమాత్రమున నా అంకె మాయమైనదన్నది వేరు విషాదము, మరల మొదలుపెట్టితిని.

గడియారము రెండు గంటల నలుబది నిమిషములవద్ద నిలిచిపోయెను. మేల్కొనిన వారెల్ల దానిని చూచి, ఇంకను మూడు కాలేదుగదా యని మరల పరుండిరి. మా చెల్లెలి చేతిగడియారము వచ్చిననాటినుండియు న్యూజెర్సీ కాలమునే పాటించుచుండెను. ఐదుగంటల రైలు ఐదుగంటలకే వెడలిపోయినది.

విచారణలో మేనల్లుడు బూడిద పెట్టె వెనుక మూత ఊడదీసెను. మూడు ఎర్రని సెల్లులు, ఒక తెల్లనిది.

“మామయ్యా! గేమ్‌ బాయ్‌ గడియారాన్ని కూడా తినేసింది!” అని వాడు వీధి వినునట్లు కేకవైచెను.

తమ్ముని కొడుకు తన పెట్టె కీర్తికి కళంకము రానిచ్చువాడు కాడు. “అదేం తినలేదు. పెదనాన్నే పెట్టారు” అనెను.

మా ఇల్లాలు నా వంక ఒక్కమారు చూచి, ఏమియు పలుకక వంటింటిలోనికి పోయి, ఆ రష్యా బాణీని మెల్లగా కూనిరాగము తీయుచు, రాత్రి భోజనమునకు మరల అందరికిని ఎసరు పెట్టెను.